తప్పుడు ఐపీ అడ్రస్ ఎక్కడి నుంచి వస్తుంది?

రౌటర్, సీసీ కెమెరా, ప్రింటర్, బయోమెట్రిక్ యంత్రం, ఏది కొత్తగా బిగించినా అది నెట్‌వర్క్‌లో తక్కిన వాటితో మాట్లాడాలంటే ముందు దానికో ఐపీ అడ్రస్ కావాలి. వైరు బాగానే ఉంటుంది, లైట్లు వెలుగుతుంటాయి, వైఫై గీతలు నిండుగా కనబడుతుంటాయి, అయినా పని జరగదు. చాలా సందర్భాల్లో లోపం ఆ అడ్రస్‌లోనే ఉంటుంది. అసలు అడ్రస్ రాకపోవచ్చు. రావలసినది కాక ఇంకొకటి రావచ్చు. ఒకే అడ్రస్ రెండు పరికరాలకు పడవచ్చు. ఈ మూడింటిలో ఏది జరిగినా తెర మీద కనిపించే అంకెలు ఊరికే పడినవి కావు. వాటిని ఎవరు ఇచ్చారో, ఇవ్వవలసినవారు ఎందుకు ఇవ్వలేదో ఆ అంకెలను బట్టే తెలుస్తుంది.

సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ లాంటి మండలంలో అంకెలను ఇలా చదవగలగడానికి విలువ ఎక్కువ. గ్రామ పంచాయతీల దాకా ఫైబర్ తీసుకురావాలని 2011లో కేంద్రం ఆమోదించిన పథకం తర్వాత భారత్‌నెట్ అయింది. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కాలువల్లోనే రాష్ట్ర ఫైబర్ నెట్‌వర్క్ టీ-ఫైబర్ కేబుల్ గొట్టాలు కూడా వేశారు. దీనికి తోడు ప్రైవేటు కేబుల్ ఆపరేటర్ల లైన్లు, మొబైల్ హాట్‌స్పాట్లు ఉన్నాయి. లైను ఊళ్లోకి వచ్చింది కానీ సరిచేసే మనిషి మాత్రం ఇప్పటికీ సూర్యాపేట నుంచో, కోదాడ నుంచో, మిర్యాలగూడ నుంచో బండి మీద రావాలి. పరికరం దగ్గర ఉన్న మనిషి అడ్రస్‌ను ఫోన్‌లో సరిగ్గా చదివి చెప్పగలిగితే చాలాసార్లు ఆ రాకతో పని ఉండదు.

ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉన్న ఐపీవీ4 అడ్రస్‌లో చుక్కలతో వేరుచేసిన నాలుగు సంఖ్యలుంటాయి. ఒక్కొక్కటీ 0 నుంచి 255 లోపు ఉంటుంది. దాని వెంట సబ్‌నెట్ మాస్క్ అనే మరో వరుస ఉంటుంది. మాస్క్ 255.255.255.0 అయితే మొదటి మూడు సంఖ్యలు నెట్‌వర్క్‌ను, చివరిది ఆ నెట్‌వర్క్‌లోని పరికరాన్ని సూచిస్తాయి. 192.168.1.20, 192.168.1.35 నేరుగా మాట్లాడుకోగలవు. 192.168.0.35 మాత్రం పక్క బల్ల మీదే ఉన్నా వాటి లెక్కలో బయటిదే. బయటి వాటికి కబురు పంపాలంటే గేట్‌వే, అంటే రౌటర్ అడ్రస్, తెలిసి ఉండాలి. వెబ్‌సైట్ పేరును అంకెల్లోకి మార్చుకోవడానికి డీఎన్ఎస్ అడ్రస్ కూడా కావాలి. ఐపీ, మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ నాలుగూ కుదిరితేనే పరికరం పూర్తిగా పనిచేస్తుంది.

ఇళ్లలో, దుకాణాల్లో కనిపించే అడ్రస్‌లు దాదాపు అన్నీ ప్రైవేటు అడ్రస్‌లే. 1996 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రం మూడు వరుసలను ఇందుకోసం విడిచిపెట్టింది: 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవన్నీ. పెన్‌పహాడ్‌లోనూ కోదాడలోనూ 4-27 అనే ఇంటి నంబరు ఉండవచ్చు, ఊళ్లు వేరు కాబట్టి గొడవ రాదు. ఈ అడ్రస్‌లూ అంతే. లక్షల ఇళ్లలో 192.168.1.1 ఉన్నా ఎవరి గోడల లోపల వారిది. గొడవంతా ఒకే గోడ లోపల ఒకే నంబరు రెండుసార్లు పడినప్పుడే.

అడ్రస్‌ను చేత్తో రాయవచ్చు, లేదా పరికరమే అడిగి తెచ్చుకోవచ్చు. అడిగి తెచ్చుకునే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. 1993లో మొదట ప్రమాణంగా వచ్చి, 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2131గా ఇప్పటి రూపు తీసుకుంది. దీన్ని రాసినవారు రాల్ఫ్ డ్రామ్స్. కొత్త పరికరానికి తన అడ్రస్ తెలియదు, రౌటర్ ఎక్కడుందో తెలియదు. అందుకని 0.0.0.0 పేరుతో 255.255.255.255కు, అంటే ఆ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ వినబడేలా, ఎవరైనా అడ్రస్ ఇస్తారా అని అడుగుతుంది. డీహెచ్‌సీపీ నడుపుతున్న రౌటర్ ఫలానాది ఖాళీగా ఉందని చెబుతుంది. పరికరం అదే కావాలంటుంది. రౌటర్ ఖాయం చేసి, ఎంతసేపు వాడుకోవచ్చో గడువు కూడా చెబుతుంది. గడువు సగం గడిచాక పరికరం దాన్ని పొడిగించుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఈ సంభాషణలో ఒక బలహీనత మొదటి నుంచీ ఉంది. అడిగేది అందరినీ కాబట్టి ఎవరైనా జవాబివ్వవచ్చు. పరికరం సాధారణంగా ముందుగా వచ్చిన జవాబునే పట్టుకుంటుంది. జవాబిచ్చింది అసలైన రౌటరా, ఎవరో పొరపాటున తగిలించిన మరో పెట్టెనా అని పరీక్షించే ఏర్పాటు మామూలు ఇళ్ల నెట్‌వర్క్‌లలో లేదు.

అసలు అడ్రస్ రాని సందర్భం అన్నిటికంటే తేలికగా గుర్తుపట్టవచ్చు. విండోస్ కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టినప్పుడు 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే దాన్ని ఏ రౌటరూ ఇవ్వలేదు. ఎంత అడిగినా జవాబు రాకపోతే పరికరమే తనకు తాను ఒక అడ్రస్ పెట్టుకుంటుంది. 2005లో ఆర్‌ఎఫ్‌సీ 3927 ఈ పద్ధతిని ప్రమాణం చేసింది. రౌటర్ లేకుండా రెండు కంప్యూటర్లను వైరుతో కలిపినా మాట్లాడుకునేందుకు పెట్టిన సదుపాయం ఇది. అడ్రస్ ఉంది కదా అని చాలామంది ఇక్కడ మోసపోతారు. ఉన్నది అడ్రస్ కాదు, డీహెచ్‌సీపీ జవాబు రాలేదన్న వార్త. ఆ వార్త విన్నాక కంప్యూటర్ సెట్టింగులు కెలకడం కాలయాపన. వెతకవలసింది కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్య దారి. వైరు కొన విరిగిందేమో, స్విచ్‌లో వేరే రంధ్రంలో పెడితే వస్తుందేమో, రౌటర్‌లో డీహెచ్‌సీపీని ఎవరైనా ఆపేశారేమో చూడాలి.

కరెంటు పోయి వచ్చే ఊళ్లలో దీనికి ఇంకో కారణం తరచుగా కనిపిస్తుంది. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంటుంది, రౌటర్ ఉండదు. లేదా కరెంటు రాగానే అన్నీ ఒక్కసారే లేస్తాయి. కెమెరా ముందు తయారై అడుగుతుంది, రౌటర్ ఇంకా పూర్తిగా లేవలేదు. కొంచెం ఖరీదైన స్విచ్‌లలో స్పానింగ్ ట్రీ అనే రక్షణ ఉంటుంది. పాత పద్ధతిలో అది కొత్తగా లేచిన పోర్టును దాదాపు 30 సెకన్లు ఆపి ఉంచుతుంది, ఆలోగా పరికరం ఎన్నిసార్లు అడిగినా వృథా అవుతుంది. కంప్యూటర్లు కొన్ని నిమిషాలకోసారి మళ్లీ అడుగుతూ సర్దుకుంటాయి. చవక పరికరాలు కొన్ని ఒకసారి విఫలమైతే అంతటితో ఊరుకుంటాయి. రౌటర్‌నూ ఫైబర్ పెట్టెనూ ముందు వేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, తర్వాత స్విచ్‌ను, చివర కెమెరాలను వేస్తే సమస్య పోయిందంటే కారణం ఇదే. అప్పుడు మార్చవలసింది అడ్రస్ కాదు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టించడమే మందు.

ఇంకో కారణం అడ్రస్‌లు అయిపోవడం. చాలా రౌటర్లు 100 నుంచి 199 వరకో, అలాంటి ఏదో ఒక హద్దులోనో మాత్రమే అడ్రస్‌లు పంచుతాయి. సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలు అతిథులకు వైఫై ఇస్తే, పెళ్లికి వచ్చిన మొదటి 100 ఫోన్లు ఆ వంద అడ్రస్‌లనూ తీసుకుంటాయి. గడువు 24 గంటలని ఉంటే వారు భోజనం చేసి వెళ్లిపోయినా అడ్రస్‌లు మర్నాటి దాకా వారి పేరనే ఉంటాయి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్‌ను, అంటే తయారీలోనే పడిన గుర్తును, దాచి, వైఫైకి ఒక తాత్కాలిక గుర్తును చూపుతున్నాయి. మనిషి గోప్యతకు అది మంచిదే. కానీ ఆ గుర్తు మారినప్పుడల్లా రౌటర్‌కు అది కొత్త ఫోనుగా కనిపించి ఇంకో అడ్రస్ ఖర్చవుతుంది. హద్దును పెంచి, అతిథుల వైఫైకి గడువును గంటకు తగ్గిస్తే సరిపోతుంది.

రెండో రకం చిక్కులు ఇంతకంటే మోసకారివి. అడ్రస్ వచ్చింది, చూడ్డానికి సవ్యంగానే ఉంది, కానీ వేరే వరుసది. ఇంట్లో అన్నీ 192.168.1తో మొదలవుతుంటే కొత్త కంప్యూటర్‌కు 192.168.0.104 వచ్చింది. ఎవరు ఇచ్చారన్నది అంకెలే చెబుతాయి. టీపీ-లింక్ రౌటర్లు చాలావరకు 192.168.0.1తో వస్తాయి. ఫైబర్ పెట్టెల్లో ఎక్కువ 192.168.1.1 మీద ఉంటాయి. 192.168.137 వరుస అయితే ఎవరి విండోస్ ల్యాప్‌టాప్‌లోనో ఇంటర్నెట్ పంచుకునే సదుపాయం తెరిచి ఉంది. 192.168.43 పాత ఆండ్రాయిడ్ ఫోన్ల హాట్‌స్పాట్ వరుస, 172.20.10 ఐఫోన్ హాట్‌స్పాట్ వరుస. ఈ చివరి రెండు కనిపిస్తే పరికరం ఇంటి వైఫైకి బదులు ఎవరి జేబులోని ఫోనుకో తగులుకుందని అర్థం.

ఇంట్లో రెండు రౌటర్లు ఉన్నచోట ఈ చిక్కు సర్వసాధారణం. ఫైబర్ పెట్టే ఒక రౌటర్. వెనక గదికి సిగ్నల్ అందక పాత రౌటర్‌ను తీసుకొచ్చి, దాని ల్యాన్, అంటే లోపలి వైపు, రంధ్రంలో వైరు గుచ్చుతారు. ఇప్పుడు ఒకే నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీ జవాబిచ్చేవారు ఇద్దరు. ఒక ఫోనుకు ఒకరు ముందు జవాబిస్తారు, ఇంకో ఫోనుకు ఇంకొకరు. అందుకే కొన్నిటికి నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు, నిన్న వచ్చినదానికి ఇవాళ రాదు. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ ఆల్ ఆదేశం ఇస్తే డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరుసలో ఆ అడ్రస్ ఇచ్చినవారి అడ్రస్ ఉంటుంది. దాన్ని చూడకుండా వెతకడం చీకట్లో వెతకడమే. రెండు రౌటర్లూ 192.168.1.1 అయితే ఆ వరుసా తేడా చూపదు. అప్పుడు ఏ ఐపీ ఏ మ్యాక్‌దో కంప్యూటర్ రాసుకునే ఏఆర్‌పీ పట్టికలో ఆ అడ్రస్ పక్కన ఉన్న మ్యాక్ అడ్రస్ చూడాలి. దాని మొదటి సగం తయారీ సంస్థకు కేటాయించినది కాబట్టి పెట్టె ఏ కంపెనీదో బయటపడుతుంది.

దీనికి పరిష్కారం కచ్చితంగా ఉంది. పాత రౌటర్‌ను విడిగా కంప్యూటర్‌కు తగిలించి, దాని ల్యాన్ అడ్రస్‌ను 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీని ఆపి, అప్పుడు ల్యాన్ రంధ్రం నుంచి ల్యాన్ రంధ్రానికి వైరు వేయాలి. అది ఇక వైఫైని మాత్రమే మోస్తుంది. అదే వైరును వ్యాన్, అంటే బయటి వైపు, రంధ్రంలో పెడితే రెండో రౌటర్ వెనక మరో చిన్న నెట్‌వర్క్ తయారవుతుంది. ఇంటర్నెట్ వస్తుంది కానీ వెనక గదిలోని ఫోను ముందు గదిలోని ప్రింటర్‌ను కనిపెట్టలేకపోవచ్చు. రెండు వైపులా 192.168.1 వరుసే ఉంటే రౌటర్‌కు ఏది లోపలో ఏది బయటో తెలియక ఇంటర్నెట్టే ఆగుతుంది. అలాంటప్పుడు రెండో దాని లోపలి వరుసను 192.168.10 లాంటి వేరొకదానికి మార్చడం తప్పనిసరి.

రౌటర్ మార్చినప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. పాత రౌటర్ ఇచ్చిన అడ్రస్ పరికరానికి గుర్తుంటుంది, లేచినప్పుడు ముందు దాన్నే మళ్లీ ఇమ్మంటుంది. కొత్త రౌటర్ కుదరదని స్పష్టంగా చెబితే పరికరం మొదటి నుంచి అడుగుతుంది. కుదరదని చెప్పకుండా మౌనంగా ఉంటే గడువు తీరేదాకా పాత అడ్రస్‌నే పట్టుకుని కూర్చోవచ్చు. విండోస్‌లో రిలీజ్, రిన్యూ ఆదేశాలు ఉన్నది ఇందుకే. ఫోనులో ఆ వైఫైని మరిచిపొమ్మని చెప్పి మళ్లీ చేరితే చాలు.

ఒకే అడ్రస్ రెండింటికి పడటం సీసీ కెమెరాల దగ్గర ఎక్కువ. జనం ఎక్కువగా వచ్చే సంస్థల్లో కెమెరాలు ఉండాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెప్పింది. పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం కాలనీల్లో, ఊళ్లలో చందాలతో కెమెరాలు పెట్టించింది. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో గేటు దగ్గర, కాటా దగ్గర, గోదాముల్లో కెమెరాలు మామూలు దృశ్యం. ఐపీ కెమెరా ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే దానిలో ఒక అడ్రస్ రాసి ఉంటుంది. హిక్‌విజన్ మోడళ్లలో చాలావాటికి అది 192.168.1.64, దాహువా మోడళ్లలో చాలావాటికి 192.168.1.108. ఒకే కంపెనీ కెమెరాలు నాలుగు డబ్బాలు విప్పి ఒకేసారి స్విచ్‌కు తగిలిస్తే నాలుగూ ఒకే అడ్రస్ చెప్పుకుంటాయి. కాబట్టి ఒక్కొక్కటిగా తగిలించి, అడ్రస్ మార్చి, తర్వాతదానికి వెళ్లాలి. కంపెనీలు ఇచ్చే వెతుకులాట సాఫ్ట్‌వేర్ మ్యాక్ అడ్రస్‌ను బట్టి విడదీసి చూపగలదు కానీ, పది పదిహేను కెమెరాల పనిలో ఒక్కొక్కటిగా తగిలించడమే నమ్మకమైన దారి.

దాహువా కెమెరా పెట్టిన ఇంట్లో 108 చిక్కు మరోలా కూడా వస్తుంది. రౌటర్ పంచే హద్దు 100 నుంచి మొదలైతే, కెమెరా ఆగి ఉన్న సమయంలో వచ్చిన తొమ్మిదో అతిథి ఫోనుకు 108 ఇచ్చేయవచ్చు. కెమెరాకు చేత్తో రాసిన అడ్రస్ గురించి రౌటర్‌కు ఎవరూ చెప్పలేదు. అప్పుడు కెమెరా కాసేపు కనిపిస్తుంది, కాసేపు పోతుంది. కెమెరా పాడైందని మార్చినవారు, కొత్తదీ అలాగే చేస్తే వైరు మార్చినవారు ఉంటారు. నిర్ధారించే పరీక్ష పైసా ఖర్చు లేనిది. అనుమానం ఉన్న కెమెరా వైరు పీకేసి, కంప్యూటర్ నుంచి ఆ అడ్రస్‌కు పింగ్ కొట్టాలి, అంటే ఉన్నావా అని అడిగే ఆదేశం ఇవ్వాలి. పీకేసిన తర్వాత కూడా జవాబు వస్తుంటే ఆ అడ్రస్ మీద ఇంకొకరు ఉన్నారు. కొన్ని ఫోన్లు, కంప్యూటర్లు పింగ్‌కు జవాబివ్వవు. అందుకని ముందు ఏఆర్‌పీ పట్టికను తుడిచి, పింగ్ కొట్టిన వెంటనే మళ్లీ చూడాలి. జవాబివ్వకపోయినా మ్యాక్ అడ్రస్ అందులో పడుతుంది.

శాశ్వతంగా సరిచేయాలంటే హద్దులు గీయాలి. రౌటర్‌కు 1, చేత్తో రాసే కెమెరాలు, ప్రింటర్లు, బయోమెట్రిక్ యంత్రాలకు 2 నుంచి 99, రౌటర్ పంచడానికి 100 నుంచి 199 అని పెట్టుకుంటే రెండూ ఎప్పటికీ తగులుకోవు. అంతకంటే మంచిది రిజర్వేషన్. ఫలానా మ్యాక్ అడ్రస్ ఉన్న పరికరానికి ఎప్పుడూ ఫలానా అడ్రస్సే ఇవ్వాలని రౌటర్‌లోనే రాయడం. అడ్రస్‌లన్నీ ఒక్కచోట కనిపిస్తాయి కాబట్టి రేపు వచ్చే మనిషికి వెతుకులాట తగ్గుతుంది. తమ గుర్తును దాచే ఫోన్లకు మాత్రం ఇది నిలవకపోవచ్చు.

తప్పు కాని దాన్ని తప్పనుకునే చోటు ఒకటుంది. కెమెరా దృశ్యాలను రికార్డు చేసే ఎన్‌వీఆర్ పెట్టెలు కొన్నిటికి వెనకవైపు కెమెరాలకు కరెంటు కూడా ఇచ్చే రంధ్రాలుంటాయి. వాటికి తగిలించిన కెమెరాలకు ఎన్‌వీఆర్ తన సొంత వరుసలో అడ్రస్‌లు ఇస్తుంది. హిక్‌విజన్ వాటిలో సాధారణంగా 192.168.254తో, దాహువా వాటిలో 10.1.1తో మొదలవుతాయి. ఇంటి వరుసతో కలవలేదని వాటిని మారిస్తే పనిచేస్తున్న కెమెరాలు ఆగిపోతాయి.

ఐపీ సరిగ్గా ఉన్నా మాస్క్ తప్పితే వింత లక్షణాలు కనబడతాయి. 192.168.1.20 ఉన్న కంప్యూటర్‌లో మాస్క్ 255.255.255.128 అని పడితే దాని దృష్టిలో నెట్‌వర్క్ 127 దగ్గరే ముగుస్తుంది. 50వ నంబరు ప్రింటర్ పనిచేస్తుంది, 200వ నంబరు కెమెరా రాకపోవచ్చు. గేట్‌వే తప్పితే ఇంట్లో అన్నీ కనిపిస్తాయి, ఇంటర్నెట్ ఒక్కటి రాదు. డీఎన్ఎస్ తప్పితే 8.8.8.8కు పింగ్ వెళ్తుంది, వెబ్‌సైట్ పేరు తెరుచుకోదు. అందుకే పింగ్ దగ్గర నుంచి దూరానికి సాగాలి: ముందు గేట్‌వే, తర్వాత బయటి అంకెల అడ్రస్, ఆ తర్వాత పేరు. ఎక్కడ ఆగిందో అక్కడే లోపం.

కొత్త కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లడానికి ల్యాప్‌టాప్‌కు తాత్కాలికంగా 192.168.1.10 లాంటి అడ్రస్ చేత్తో రాయవలసి వస్తుంది. పని అయ్యాక దాన్ని మళ్లీ డీహెచ్‌సీపీకి మార్చాలి. మార్చని ల్యాప్‌టాప్ కోదాడలో ఇంకో ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడి వైరు మీద నెట్ రాదు, నేరం అక్కడి రౌటర్ మీద పడుతుంది.

రౌటర్ బయటి వైపు, అంటే వ్యాన్ అడ్రస్‌లో తేడా వస్తే అది వేరే కథ. అక్కడ 0.0.0.0 ఉంటే లైను కలవలేదు. ఆపరేటర్ పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతికి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి ఉండగా రౌటర్‌లో డీహెచ్‌సీపీ అని పెడితే ఇలా అవుతుంది. రౌటర్‌ను సూదితో రీసెట్ చేసినా ఇలాగే అవుతుంది, ఎందుకంటే ఆ వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి. ఏ చిక్కు వచ్చినా ముందు రీసెట్ నొక్కే అలవాటు ఈ రంగంలో అన్నిటికంటే నష్టం చేసేది. అప్పటిదాకా లోపం ఒకటే, నొక్కాక రెండు. కొందరు ఆపరేటర్లు వినియోగదారుడి మ్యాక్ అడ్రస్‌ను తమ వైపు కట్టేసి ఉంచుతారు. కొత్త రౌటర్ కొన్నప్పుడు వారికి చెప్పి మార్పించుకుంటే గానీ అడ్రస్ రాదు.

వ్యాన్‌లో 100.64 నుంచి 100.127 లోపు అడ్రస్ కనిపిస్తే అది లోపం కాదు. ఐపీవీ4లో ఉన్నవి దాదాపు 430 కోట్ల అడ్రస్‌లే. ప్రపంచ నిల్వ నుంచి చివరి భాగాలను 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. ఆసియా పసిఫిక్ ప్రాంతపు సంస్థ ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ 15న తన చివరి వాటాలోకి దిగింది. అప్పటి నుంచి ఒక్క బయటి అడ్రస్ వెనక ఎందరో వినియోగదారులను పెట్టడం పెరిగింది, 2012లో 100.64 వరుసను అందుకే కేటాయించారు. బ్రౌజింగ్‌కు ఇబ్బంది లేదు. మిల్లు కెమెరాను అమెరికాలో ఉన్న కొడుకు నేరుగా అడ్రస్ కొట్టి చూడాలంటే మాత్రం కుదరదు. రౌటర్‌లో పోర్టులు ఎన్ని తెరిచినా ఫలితం ఉండదు. కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్ వాడాలి, లేదా ఆపరేటర్ దగ్గర పబ్లిక్ స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత బయటి అడ్రస్, కొనాలి, లేదా అడ్రస్‌ల కొరత లేని కొత్త పద్ధతి ఐపీవీ6ను వాడుకోవాలి.

సరిచేసిన తర్వాత పరీక్ష ఒకటి మిగులుతుంది. మెయిన్ స్విచ్ ఆపి, ఐదు నిమిషాలు ఆగి, అన్నీ ఒక్కసారే వేయాలి. ప్రతి పరికరం తనకు రాసిన అడ్రస్‌తోనే లేచిందేమో రౌటర్ జాబితాలో చూసి, ఆ జాబితాను కాగితం మీద రాసి రౌటర్ పెట్టె లోపల అంటించాలి. పరికరం పేరు, ఐపీ, మ్యాక్, చేత్తో రాసినదా రిజర్వేషనా అన్న నాలుగు గళ్లు చాలు. ఏదైనా ఒకటి వేరే అడ్రస్‌తో లేస్తే దానికి ఇంకా ఎవరో అడ్రస్ ఇస్తున్నారని అర్థం, డీహెచ్‌సీపీ సర్వర్ వరుస దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.